అండి గారి పూచీ

ఆ రోజుల్లో జర్మనీలో మనవాళ్ళు ఇద్దరు ఎదురుపడితే "బాగున్నారా" అని అడిగేవాళ్ళు కాదు, "ఇల్లు దొరికిందా" అని అడిగేవాళ్ళు. యూనివర్సిటీల్లో సీట్లు దొరికేవి, బ్లూ కార్డు వీసా ఉద్యోగాలు దొరికేవి, ఓపిగ్గా వెతికితే గోంగూర కూడా దొరికేది; తల దాచుకోవడానికి ఒక గది మాత్రం దొరికేది కాదు. సెమిస్టరు సెమిస్టరుకీ విమానాలు దిగి, తమకంటే బరువైన సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వచ్చే పిల్లలు, వాళ్ళ వెనకే కంపెనీలు రప్పించుకున్న ఇంజినీర్లు, అందరూ కలిసి మా బవేరియా చిన్న ఊళ్ళ మీద పడ్డారు. అలాంటి కాలంలో ఇళ్ళు ఇప్పించే సర్కారు బ్రోకరుగా పనిచేసిన ఘనత నాది. నవ్వకండి, ఒట్టు. వచ్చీరాని జర్మన్‌తో, జర్మన్ల దగ్గరికే వెళ్ళి, జర్మనీలో ఇళ్ళ సంగతులు మాట్లాడిన గోదావరి పిల్లని నేను.

అప్పుడు డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. అక్కడికి రైల్లో కాస్త దూరం వెళితే డాన్యూబ్ ఒడ్డున ఒక బుల్లి ఊరు (పేరెందుకు లెండి, ఆ ఊరివాళ్ళు మహా మొహమాటస్తులు). ఆ ఊళ్ళో చూడబోతే చాలా ఇళ్ళలో పై అంతస్తులు ఖాళీ. అద్దెకివ్వమంటే మాత్రం అందరికీ భయం. ఆ దేశంలో ఒకసారి సామాను దింపిన మనిషిని కదిలించడం దేవుడి వల్ల కూడా కాదు, చట్టం అంతా అద్దెకున్నవాడి పక్షమే. అవతల ఊరి చివర ఫ్యాక్టరీకి ఇండియా నుంచి ఇంజినీర్లు దిగుతూనే ఉన్నారు. అందుకని మునిసిపాలిటీవాళ్ళే ఒక ఉపాయం ఆలోచించారు. "మీ పై అంతస్తు మాకివ్వండి, మేము వాళ్ళకిచ్చుకుంటాం, ఏ గొడవొచ్చినా మేము చూసుకుంటాం" అన్నారు. ఇల్లుగలవాళ్ళతోనూ, కొత్తగా వచ్చినవాళ్ళతోనూ మాట్లాడడానికి మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చింది. కాలేజీ బోర్డు మీద ప్రకటన చూసి వెళ్ళాను. ఇంటర్వ్యూలో నన్ను బోలెడు అడుగుతారని రాత్రంతా బట్టీపట్టి వెళితే, "సైకిల్ తొక్కడం వచ్చా?" అని ఒక్కటే అడిగారు. వచ్చన్నాను. ఉద్యోగం వచ్చేసింది.

ఇంట్లో చెప్పగానే పెద్ద రభస. మునిసిపల్ ఆఫీసుని అక్కడ రాత్‌హౌస్ అంటారు. "ఎలుకల కొంపలో బ్రోకర్ పని చెయ్యడానికా అంత దూరం వెళ్ళావు?" అంది మా అమ్మ. మా నాన్న మాత్రం సర్కారు అన్న మాట విని పొంగిపోయారు. అమలాపురం చుట్టుపక్కల వెంచర్లు వేసి అమ్మే మా ప్లాట్ల బాబాయి వెంటనే ఫోన్ చేసి ఉపదేశం మొదలుపెట్టాడు. "అమ్మలూ, వచ్చినోళ్ళకి ముందు చల్లటి మజ్జిగిచ్చి కూర్చోబెట్టు. తర్వాత ఈశాన్యం చూపించు. ధర మాత్రం ఆఖర్న చెప్పు." తెల్ల చొక్కా, తెల్ల కారు, వేళ్ళకి నాలుగు ఉంగరాలు, ఇదే అప్పటిదాకా నా మనసులో ఉన్న రియల్ ఎస్టేటు. ఇక్కడ నాకిచ్చినవి ఒక సైకిలు, ఒక హెల్మెట్టు, ఒక తాళాల గుత్తి.

ఆ గుత్తి సంగతి చెప్పి తీరాలి. మా ఇంట్లో బీరువా తాళం కూడా అమ్మ నా చేతికిచ్చి ఎరగదు, ఎక్కడో పారేస్తానని. అలాంటిది, నేనెవరో, ఏ ఊరిదాన్నో కూడా సరిగ్గా తెలియని ఒక పరాయి దేశపు ఊరు తన తాళాలన్నీ తీసి నా చేతిలో పెట్టింది. పాత పిండిమర తాళం, ఫైరింజన్ షెడ్డు మీది గది తాళం, శ్మశానం గేటు తాళం, వీటన్నిటి మధ్యా మూరెడు పొడుగున్న ఇనప తాళం ఒకటి. అది ఊరి గడియారం గోపురానిదట. వాళ్ళు ఆ మాట ఎంత మామూలుగా చెప్పారంటే నేను మళ్ళీ ఒకసారి అడిగి రూఢి చేసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆ గోపురం ఎక్కాను. పైనుంచి చూస్తే కింద ఎర్ర పెంకుల కప్పులు, వాటి వెనక ఎండలో మెరుస్తూ డాన్యూబ్, ఒక్కో ఇంటి పై అంతస్తులో మూసి ఉన్న కిటికీలు. మా హాస్టల్లో ఒక గదిలో ముగ్గురం సర్దుకుంటున్నాం, ఇక్కడ ఇన్ని గదుల్లో ఎవరూ లేరు, వీటిని తెరిపించే పని నాదట! నాన్నకి ఫోన్ చేసి "ఊరి గడియారం తాళం నా సంచీలో ఉంది నాన్నా" అన్నాను. ఆయన కంగారుపడి, "అదేంటమ్మా, అది కూడా అద్దెకిస్తున్నారా?" అన్నారు.

మా పై అధికారి పేరు ఆండ్రెయాస్. మేయరు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరూ ఆయన్ని 'అండి' అని పిలిచేవాళ్ళు. అక్కడ ఆండ్రెయాస్ అన్నవాళ్ళందరికీ అదే ముద్దుపేరు. నేను మాత్రం ఇంటిపేరు ముందు 'హెర్' (మన 'శ్రీ' లాంటిది) చేర్చి, వీలైతే లేచి నిలబడి మరీ పలకరించేదాన్ని. యాభై దాటిన మనిషి, కొండలా ఉండేవారు, మాట మాత్రం బహు పొదుపు. ఏదైనా గట్టిగా చెప్పవలసి వస్తే ముందు ఆయన చెవులు ఎర్రబడేవి, మాట తర్వాత వచ్చేది, చాలాసార్లు వచ్చేది కూడా కాదు. నా బల్ల ఆయన గది గుమ్మం ఎదురుగానే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇళ్ళు కావలసిన మనవాళ్ళతో నాకు ఫోన్లే ఫోన్లు. నేను గోదావరిదాన్ని కదా, ఫోన్ ఎత్తగానే "చెప్పండి", వింటున్నంతసేపూ "ఆయ్... ఆయ్...", పెట్టేసేముందు "అలాగేనండి". ఇందులో విడ్డూరమేముందో నాకేం తెలుసు? ఆయన అప్పుడప్పుడూ గదిలోంచి తల ఎత్తి నావైపు చూసి, చెవులు ఎర్రబడి, మళ్ళీ తల దించుకునేవారు. పాపం ఎండ పడదేమో అనుకునేదాన్ని.

ఇంకో చిత్రం కూడా జరిగేది. మా రిసెప్షన్‌లో ఉండే ఆవిడ ఇంట్లో కోళ్ళు పెంచేది. నేను చేరిన కొత్తలోనే ఆవిడ ఎందుకో రోజూ పొద్దున్నే ఒక ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆవిడ మనసు నొప్పించలేక ఊరుకుని, మధ్యాహ్నం తెచ్చి నాకిచ్చేసేవారు. నేను ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టుకునేదాన్ని. ఈ దేశంలో ఆఫీసర్లు కింది ఉద్యోగులకి గుడ్లు పంచుతారు కాబోలు, ఎంత గొప్ప సంస్కారం అని అమ్మకి కూడా చెప్పాను.

ఇళ్ళు కావలసినవాళ్ళలో ఒకాయన నల్గొండ నుంచి వచ్చిన ఇంజినీరు. అందరం నల్గొండ అన్న అనేవాళ్ళం. ఫ్యాక్టరీలో మంచి ఉద్యోగం, బ్లూ కార్డు, అన్నీ ఉన్నాయి. ఉండడం మాత్రం పనివాళ్ళ వసతిగృహంలో, ఇంకొకరితో ఒక గదిలో. అక్కడికి కుటుంబాన్ని రానివ్వరు. భార్యకీ కూతురికీ వీసాలు వచ్చి, టికెట్లు తీసి కూర్చున్నాడు, ఇల్లు లేదు. ప్రకటన చూసి ఫోన్ చేస్తే పేరు వినగానే అవతలివాళ్ళకి ఏదో పని గుర్తొచ్చేది. రోజూ డ్యూటీ దిగి మా ఆఫీసుకొచ్చేవాడు. "ఏమన్న దొర్కిందా చెల్లె?" అనేవాడు. లేదంటే అక్కడే కుర్చీలో కూలబడేవాడు. ఒకరోజు మాత్రం వెంటనే లేవలేదు. "నేను ఈడికొచ్చినప్పుడు మా బిడ్డకు నడక గూడ రాదు చెల్లె. ఇప్పుడు ఉరుకుతున్నది. నన్ను 'ఫోన్ల నాయిన' అంటది. ఇంకో నాయిన యాడనో ఉన్నట్టు. ఈసారి గూడ టికెట్లు క్యాన్సిల్ జేస్తే మా ఇంటామె ఇగ రానంటున్నది. ఏం జెయ్యాల్నో సమజైతలేదు" అన్నాడు. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సర్కారు బ్రోకర్ననీ, ఊరి గడియారం తాళం నా దగ్గరుందనీ మురిసిపోతున్నాను గానీ, ఈ మనిషికి రెండు గదులు ఇప్పించలేకపోయాను.

మిగిలింది ఒకే ఒక్క ఇల్లు. నది ఒడ్డున, రిటైరైన ఒక టీచరమ్మది. పెళ్ళి చేసుకోలేదు, అక్కా తనూ ఉండేవాళ్ళు, పైన ఉండే అక్క పోయింది. మా పథకంలో ఆవిడ పేరైతే ఇచ్చింది గానీ వెళ్ళినవాళ్ళందర్నీ వెళ్ళగొట్టింది. ఒకబ్బాయిని వ్యాకరణం బాగాలేదని పంపేసింది. ఇంకొకడిని బూట్లు తుడుచుకోలేదని గుమ్మంలోంచే పంపేసింది. నేను హెల్మెట్టు తీసి, జుట్టు దువ్వుకుని, కాళ్ళు ముమ్మారు తుడుచుకుని లోపలికి వెళ్ళాను. పొట్టి మనిషి, తెల్లటి జుట్టు, చూపు సూదిలా ఉంది. మాట్లాడకుండా మెట్లెక్కి పై అంతస్తు తలుపు తీసింది.

నేను ఆ ఊళ్ళో చాలా ఇళ్ళు చూశాను. అద్దెవాళ్ళు ఖాళీ చేస్తూ బల్బులు, కరెంటు హోల్డర్లు, చివరికి వంటగదికి వంటగదినే ఊడదీసుకుని పోయిన ఇళ్ళు (అక్కడ అది మామూలే, వంటిల్లు కూడా సామానే). ఈ ఇల్లు అలా లేదు. చెక్కనేలలో నా మొహం నాకు కనబడుతోంది. వంటగదిలో గిన్నెలు దేనికది బోర్లించి ఉన్నాయి. కిటికీ తెర జరపగానే ఎదురుగా డాన్యూబ్ మొత్తం గదిలోకి వచ్చేసినట్టయింది. పోయిన అక్క గదిని ఆవిడ ప్రతి వారం తుడిచి, పరుపు ఎండలో పెట్టి, రేపో మాపో ఎవరో వస్తారన్నట్టు సిద్ధంగా ఉంచుకుంది. నాకు చెప్పులతోనే కాదు, మేజోళ్ళతో నిలబడడానికి కూడా మనసొప్పలేదు. ఈ గదుల్లో ఆ పిల్ల ఉరుకుతుంటే ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. "ఎవరి కోసం?" అంది టీచరమ్మ. చెప్పాను. ఆవిడ వింది. "వాళ్ళకి పూచీ ఎవరు?" అంది. మునిసిపాలిటీ అన్నాను. "మునిసిపాలిటీ మనిషి కాదు. మనిషెవరు?" అంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నల్గొండ అన్న. ఎత్తకపోతే ఆయన గుండె ఆగిపోయేలా ఉంది.

"చెప్పండి అన్నయ్య గారూ... ఆయ్... ఆ ఇంట్లోనే ఉన్నానండి... ఇల్లు బంగారంలా ఉందండి... లేదండి, ఇంకా ఒప్పుకోలేదండి... అయ్యో, మీరలా అయిపోకండి... ఆయ్, అడుగుతానండి... అలాగేనండి." ఇంతే నేనన్నది. ఫోన్ పెట్టి తల ఎత్తితే టీచరమ్మ చూపు మారిపోయి ఉంది.

"ఫోన్లో ఉన్నది ఇల్లు కావలసిన మనిషేనా?" అంది. అవునన్నాను. "మీ షెఫ్ అండి అంటే ఎవరు? రాత్‌హౌస్‌లో ఉన్న ఆండ్రెయాసేనా? చెవులెర్రబడతాయి, వాడేనా?" నాకు ఏమీ అర్థం కాలేదు. అక్కడ ఆఫీసులో పై అధికారిని షెఫ్ అంటారు. ఆయనే అన్నాను. ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "నా క్లాసులో చివరి బెంచీ. ఎన్నేళ్ళు చెప్పానో, వాడు నోరు విప్పగా వినలేదు. అలాంటివాడి పేరు చెప్పుకుని ఇండియా మనిషి ఒకడు ధైర్యం తెచ్చుకుంటున్నాడా? ఫోన్ ఎత్తగానే 'షెఫ్ అండి' అన్నారు. తర్వాత మాటమాటకీ అండి, అండి, అండి. మధ్యలో గుడ్డు గోల ఎందుకొచ్చిందో అదొక్కటే నాకు తెలియలేదు."

జర్మన్‌లో గుడ్డుని 'ఆయ్' అంటారు. అది అప్పుడు వెలిగింది నాకు. చెప్పండి అంటే షెఫ్ అండి. ఆయ్ అంటే గుడ్డు. రిసెప్షన్ ఆవిడ కోళ్ళు, ఆయన బల్ల మీద గుడ్లు, ఎర్రబడ్డ చెవులు, నా గుడ్ల పులుసు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు గిర్రున తిరిగాయి. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. "కాదండీ, అది పేరు కాదు, అది... మా భాషలో మాట చివర..." అని జర్మన్‌లో మొదలుపెట్టి, ప్రత్యయాన్ని ఏమంటారో, గౌరవవాచకాన్ని ఏమంటారో తెలియక నీళ్ళు నమిలాను. ఆవిడ చూపుడువేలు ఎత్తింది. ఆ వేలు ఎన్ని తరాల పిల్లల్ని ఆపిందో గానీ నా నోరు దానంతటదే మూతపడింది. "వాడిని తీసుకురండి. ఈ కుటుంబానికి పూచీ నేనని నా ఎదురుగా నిలబడి నోటితో చెప్పమనండి. చెబితే తాళం ఇస్తాను. లేకపోతే లేదు."

సైకిలు ఎలా తొక్కానో తెలియదు. ఆయన గదిలోకి వెళ్ళి, టీచరమ్మ రమ్మంటోందని చెప్పగానే ఆ కొండలాంటి మనిషి కుర్చీ వెనక్కి జరిపారు. జరిగింది విని, లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నారు. "నేనే అడుగుదామనుకున్నాను. నా ఎదురుగా హెర్ అంటారు. ఫోన్లో మాత్రం రోజంతా నా పేరు. నా మీద ఫిర్యాదు చేస్తున్నారేమో అనుకున్నాను. నేనేమైనా తప్పు చేశానా?" అన్నారు. అన్ని వారాలుగా ఆ మనిషి ఈ బెంగ పెట్టుకుని, నోరెత్తకుండా, పైగా రోజూ నాకు గుడ్డు తెచ్చి ఇచ్చారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భాష రాకపోతే పోయిందని చేతులు తిప్పుతూ, బొమ్మలు వేస్తూ, అండి అంటే ఏమిటో చెప్పాను. అది పేరు కాదు, ఎదుటివాళ్ళకి ఇచ్చే మర్యాద, ప్రతి మాటకీ చివర తగిలిస్తాం అన్నాను.

"పోలీసుకి కూడా అండేనా?" అన్నారు. అవునన్నాను. "కూరలమ్మే ఆవిడకి?" ఆవిడకీ అండే. "పోట్లాడుకునేటప్పుడు?" "అప్పుడూ అండే. మా గోదావరి వైపు తిట్టినా మర్యాదగానే తిడతాం" అన్నాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "ఎంతమంది ఉంటారు మీవాళ్ళు?" కోట్లమంది అన్నాను. "ఎక్కడో కోట్లమంది మనుషులు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఒకరినొకరు గౌరవించుకోవడానికి నా పేరు అంటారు. నాకు ఇన్నాళ్ళూ తెలియదు" అన్నారు. నవ్వులాటకి అనలేదు. గుడిలో మనిషి గొంతులా ఉంది. అప్పటిదాకా ఆ మాట రోజూ నా నోట్లో ఉన్నదే, ఆయన అన్నాక అది ఎంత పెద్దదో నాకూ తెలిసినట్టయింది.

"వస్తారా మరి?" అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడ ముందు నాకు మాట రాదు. ఎప్పుడూ రాలేదు" అన్నారు. నేను ఫోన్ల నాయిన సంగతి చెప్పాను. ఆయన టోపీ తీసుకున్నారు.

నల్గొండ అన్న సూటు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. జరిగిందంతా ఆయనకి ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాను. "చెల్లె, మా దిక్కు గీ అండీ గిండీ అంతగనం అనం. అన్నా అంటం, సార్ అంటం. కానీ ఇయ్యాల జూస్కో" అన్నాడు, గొప్ప నిశ్చయంతో. ఆ నిశ్చయం చూసి నాకు భయం వేసింది. లోపలికి వెళ్ళాం. టీచరమ్మ కుర్చీలో కూర్చుని ముగ్గుర్నీ వరుసగా నిలబెట్టింది. మీ గురించి చెప్పండి అని అన్నని అడిగింది. ఆయనకి వచ్చిన జర్మన్ కొంచెం, ఆ కొంచానికీ మాటమాటకీ తోక తగిలించాడు. "నేను ఇంజినీర్, అండి!" అన్నాడు జర్మన్‌లో. మా ఆఫీసరు ఉలిక్కిపడి "యా?" అన్నారు. "నా భార్య వస్తుంది, అండి!" "యా?" "చిన్న కూతురు, అండి!" "యా?" "బూట్లు తుడుస్తం, అండి!" ఆయన ప్రతిసారీ పిలిచారనుకుని అన్న వైపు వంగుతున్నారు, అన్న ఇంకా గట్టిగా అంటున్నాడు, ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. నేను పెదవులు కొరుక్కుని నేల చూపులు చూస్తున్నాను. టీచరమ్మ మొహంలో ఏ కదలికా లేదు. చివరికి ఆవిడ, "ఆండ్రెయాస్, ఇతనికి నువ్వు బాగా తెలుసా?" అంది.

అవునంటే అయిపోయేది. ఒక్క మాట. నల్గొండ అన్న కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, మెడ ఎర్రబడింది. టోపీని రెండు చేతులతో నలిపారు.

"తెలియదు" అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆయన ఆగలేదు. "నాకు ఇతను తెలియదు, టీచర్. నా పేరు చెప్పుకుని ధైర్యం తెచ్చుకోలేదు. అది నా పేరు కాదు. అది వాళ్ళ భాషలో మర్యాద. పోలీసుకీ అంటారు, కూరలమ్మే ఆవిడకీ అంటారు, పోట్లాడుకుంటూ కూడా అంటారు. వీళ్ళెవరూ నన్ను పిలవలేదు. కానీ రోజంతా ఆ మాట నా చెవిన పడుతోంది. పిలిచినట్టే ఉంటుంది. ఇవాళ నిజంగా పిలిచారు, వచ్చాను. వీళ్ళకి పూచీ నేను." ఒక్క ఊపిరిలో అన్నారు. ఆయన అన్ని మాటలు వరసగా అనగా నేను ఎప్పుడూ వినలేదు. మళ్ళీ వినలేదు కూడా. అబద్ధం ఆడితే ఇల్లు వచ్చేచోట నిజం చెప్పి, ఆ తర్వాత ముక్కూమొహం తెలియని మనిషికి తన పేరు పూచీ పెట్టాడు ఆ మహానుభావుడు. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

టీచరమ్మ లేచింది. ఆయన దగ్గరికి వచ్చి, తల బాగా ఎత్తి ఆయన మొహంలోకి చూసింది. "ఇన్నేళ్ళకి నాకు జవాబు చెప్పావు ఆండ్రెయాస్. మంచి జవాబు" అంది. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసింది. అది మొదటినుంచీ జేబులోనే ఉందన్నమాట! నల్గొండ అన్న అది అందుకుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆవిడ కంగారుపడి నా వైపు చూసింది. అది కూడా మర్యాదేనని చెప్పాను.

వాళ్ళు వచ్చే రోజుకి టీచరమ్మ నన్ను పిలిపించుకుని, ఇంటికొచ్చినవాళ్ళని మీరు ఏమని పిలుస్తారని అడిగి నేర్చుకుంది. స్టేషను నుంచి అందరం నడిచి వచ్చాం. భార్య ప్రయాణంతో వడిలిపోయి ఉంది, పిల్ల తండ్రి భుజం మీద నిద్రపోతోంది, పచ్చళ్ళతో నిండిన అతి పెద్ద సూట్‌కేసు మా ఆఫీసరు మోస్తున్నారు. గుమ్మంలో టీచరమ్మ నిలబడి, చెయ్యి చాచి, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు గట్టిగా "రం-డి!" అంది. వెనకనుంచి మా ఆఫీసరు ఆయాసపడుతూ "యా, యా, వస్తున్నా!" అన్నారు. అన్న పగలబడి నవ్వాడు. ఆయన భార్యకి ఏమీ అర్థం కాలేదు. దేశం కాని దేశంలో, తెల్లజుట్టు తెల్లావిడ నోట తన భాష విని, ఆ మెట్ల మీదే కూర్చుని భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇదేనా మన ఇల్లు?" అని మొగుణ్ణి అడిగింది. "గిదే, లోపటికి నడువు" అన్నాడు అన్న.

తిరిగి వెళుతూ వంతెన మీద మా ఆఫీసరు ఆగి, నా వైపు చెయ్యి చాచారు. ఆ దేశంలో పెద్దవాళ్ళు 'ఇకనుంచి నన్ను పేరు పెట్టి పిలువు' అనడం చిన్న విషయం కాదు, అదొక వేడుక. "నేను అండి" అన్నారు. ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అంతటి మనిషిని ఉత్త పేరు పెట్టి ఎలా పిలుస్తాను? మా ఇంటా వంటా లేదు. "సరే... అండి... అండి" అన్నాను. ఆయన ఆలోచించి, "ఒకటి పేరు, ఒకటి మర్యాద, అంతేనా?" అన్నారు. "అవునండి" అన్నాను. తృప్తిగా తల ఊపి సూటిగా ముందుకు నడిచారు.

ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటున్నాను. ఆఫీసులో మొదటి రోజే అందరూ అందర్నీ పేర్లు పెట్టి పిలిచేస్తారు, వేడుకా లేదు, పాడూ లేదు. నల్గొండ అన్న కూతురు ఎప్పుడైనా ఫోన్ చేస్తే అచ్చమైన బవేరియా యాసలో నా ఉచ్చారణ సరిదిద్దుతుంది, టీచరమ్మ పెంపకం మరి. నా జర్మన్ కూడా బాగుపడింది. ప్రత్యయమంటే ఏమిటో, గౌరవవాచకమంటే ఏమిటో, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు టీచరమ్మ ముందు ఆ రెండు ముక్కలూ వచ్చి ఉంటే, అక్కడికక్కడే విడమరిచి చెప్పి ఉండేదాన్ని, ఆవిడ సరేనని తలుపు వేసుకుని ఉండేది, ఆ పిల్ల ఇంకో ఏడాది ఫోన్లోనే నాన్నని చూసుకునేది. అందుకే నీళ్ళు నములుతూ నిలబడ్డ ఆ హెల్మెట్టు పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, దాని రాని భాషకి ఒక దండం పెట్టాలనిపిస్తుందండి.